క్రెడిట్లు కంపెనీలకు... ఏనుగులు రైతులకా?

అడవులను, వాటిలోని ప్రాణులను కాపాడాలన్న మాట మీద దేశాల మధ్య ఇప్పుడు పేచీ లేదు. పేచీ అంతా ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గరే. 2022 డిసెంబర్‌లో మాంట్రియల్‌లో కుదిరిన ప్రపంచ జీవవైవిధ్య ఒప్పందం ప్రకారం 2030 నాటికి అన్ని మార్గాల్లో కలిపి ఏటా 20 వేల కోట్ల డాలర్లు సమకూర్చుకోవాలి. అందులో సంపన్న దేశాలు వర్ధమాన దేశాలకు 2025 కల్లా ఏటా 2 వేల కోట్లు, 2030 కల్లా 3 వేల కోట్ల డాలర్లు ఇవ్వాలి. ప్రభుత్వ ఖజానాలతో ఇది తేలే పని కాదని, మార్కెట్‌ను దించాల్సిందేనని ఒక వర్గం వాదన. జీవవైవిధ్య క్రెడిట్లు, గ్రీన్ క్రెడిట్లు, కార్బన్ క్రెడిట్లు ఈ ఆలోచన నుంచి పుట్టినవే. ధర లేని దాన్ని ఎవరూ లెక్కచేయరు కాబట్టి ప్రకృతికి ధర కట్టాలని వీళ్లంటారు. ధర కట్టిన రోజే అది అమ్ముడుపోతుందని అవతలి వర్గం అంటుంది. రెండు వాదనల్లోనూ పస ఉంది. ఇద్దరూ తగినంతగా అడగని ప్రశ్న మాత్రం ఒకటుంది: అడవి పెరిగితే నష్టపోయేది ఎవరు? ఆ మనిషి ఈ బేరంలో ఎక్కడున్నాడు?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఖరగ్‌పూర్‌లో ఐఐటీ ప్రహరీని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్ నుంచి బయల్దేరి, కాంసాయి నది మీదుగా మేదినీపూర్ దాటి చంద్రకోణ రోడ్డు వైపు సాగితే అరబారీ సాల వనాలు వస్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు కొలువుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ దారి కొత్తది కాదు. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు గుగ్గిలం చెట్టు అనేది ఈ సాల వృక్షాన్నే. దేశమంతా తర్వాత అనుసరించిన ఉమ్మడి అటవీ యాజమాన్యం అనే పద్ధతి మొదట మొలకెత్తింది ఆ అడవిలోనే. అదొక అటవీ పథకంగానే అందరికీ తెలుసు. నిజానికి అది పర్యావరణ మార్కెట్‌కు తొలి నమూనా కూడా.

అరబారీ బేరం

1970ల మొదట్లో అరబారీ అడవి పేరుకు మాత్రమే అడవి. వంటచెరకు కోసం, పట్నంలో కట్టెలమోపు అమ్ముకోవడం కోసం నరికినకొద్దీ సాల చెట్లు మోడులై మిగిలాయి. అప్పటి అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీకి ఒక విషయం అర్థమైంది. కాపలా పెంచితే దొంగతనం కొంచెం పక్కకు జరుగుతుంది తప్ప ఆగదు. కట్టెలమోపు మీద బతికే కుటుంబానికి మరో బతుకుదెరువు కావాలి. ఆయన 11 గ్రామాల్లో 618 కుటుంబాలతో ఒప్పందం చేసుకున్నారు. 1,272 హెక్టార్ల అడవిని వాళ్లు కాపాడాలి. బదులుగా అటవీ పనుల్లో కూలి దొరుకుతుంది, ఆకులు, పుట్టగొడుగులు, ఎండు పుల్లలు ఏరుకోవచ్చు. చెట్లు ఎదిగి కొట్టే రోజున కలప మీద వచ్చే నికరాదాయంలో నాలుగో వంతు వాళ్లది. సాల చెట్టు మోడు నుంచి మళ్లీ చిగురుస్తుంది. మనుషులు నరకడం మానుకుంటే చాలు, నాటే పని కూడా లేదు. వాళ్లు మానుకున్నారు. పదేళ్లు తిరక్కుండానే ఆ నేల పచ్చబడింది. 1983 నాటికి ఆ అడవి విలువను 12.5 కోట్ల రూపాయలుగా అంచనా కట్టారు.

సరుకు కలప. అమ్మకందారు ప్రభుత్వం. కాపాడినందుకు ప్రతిఫలం 25 శాతం. అంకెలన్నీ ముందే చెప్పుకున్న బేరం కాబట్టి జనానికి నమ్మకం కుదిరింది. అయితే నోటిమాటగా ఇచ్చిన ఆ వాటాకు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది 1987లో. ఒప్పందానికీ ఉత్తర్వుకూ మధ్య పదిహేనేళ్లు గడిచాయి. ఈలోగా ఆ అధికారి బదిలీ అయిపోయి, తర్వాత వచ్చినవారు మాకేం తెలియదంటే అడగడానికి ఆ 618 కుటుంబాల చేతిలో ఒక్క కాగితం కూడా లేదు. 1989 జూలైలో పశ్చిమ బెంగాల్ రాష్ట్రం, 1990 జూన్ 1న కేంద్రం ఈ పద్ధతిని విధానంగా ప్రకటించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ఊరూరా పుట్టిన వన సంరక్షణ సమితులకు మూలం ఇదే. అరబారీని పొగిడే వ్యాసాల్లో ఈ పదిహేనేళ్ల ఆలస్యం సాధారణంగా ఒక వాక్యంలో తేలిపోతుంది. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే ఉంది. పేదవాడు ముందుగా కష్టపడాలి, డబ్బు తర్వాతెప్పుడో వస్తుంది. ఆ మధ్యకాలపు రిస్కు అంతా పేదవాడిదే. నేటి కార్బన్ ప్రాజెక్టుల ఒప్పందాలు చాలావాటిలో ఇదే వరుస కనిపిస్తుంది.

రెండో పాఠం ఇంకా చేదు. అడవి తిరిగి పెరిగాక ఏనుగులు వచ్చాయి. 1980ల చివరి నుంచి ఝార్ఖండ్‌లోని దల్మా కొండల గుంపులు ఝార్‌గ్రామ్ మీదుగా మేదినీపూర్ అడవుల దాకా దిగడం మొదలుపెట్టాయి. మొదట్లో వరి పండే కాలానికి వచ్చి వెళ్లిపోయేవి. రానురాను బస కాలం పెరిగింది. కొన్ని ఇక్కడే స్థిరపడ్డాయి. పర్యావరణవేత్త దృష్టిలో ఇంతకు మించిన విజయం లేదు. అంత పెద్ద జంతువు తిరిగి రావడం ఆ అడవి కోలుకుందనడానికి గుర్తు. అక్కడి శాల్‌బనీ రైతుకు మాత్రం అది ఒక్క రాత్రిలో తొక్కుడుపడిన వరి మడి. కూలిపోయిన మట్టి గోడ. కొన్నిసార్లు ఇంటి మనిషి ప్రాణం. ఒప్పందంలో కలపకు వాటా రాసుకున్నారే గాని ఏనుగు సంగతి ఎవరూ రాయలేదు, ఊహించలేదు కూడా. అడవి వల్ల వచ్చిన లాభంలో ముప్పావు ప్రభుత్వానికి పోయింది. అడవి వల్ల వచ్చిన నష్టం మొత్తంగా ఊరికే మిగిలింది.

తెలుగు నేల మీద దీనికి సరిజోడు కథ ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడులో ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటైంది. గడ్డిభూమిని కాపాడేసరికి కృష్ణజింకలు విపరీతంగా పెరిగాయి, చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. పక్షి మీద ఏ కోపమూ లేని రైతుకు అభయారణ్యం మీద కోపం వచ్చింది. ఊళ్లు ఎదురుతిరిగాక బట్టమేకను కాపాడేవారు లేకపోయారు. ఇప్పుడు రోళ్లపాడులో ఆ పక్షి జాడ లేదు. కుప్పం, పలమనేరు రైతులకు, పార్వతీపురం మన్యం రైతులకు ఏనుగులతో వచ్చిన తంటా కూడా ఇదే జాతిది. 2025 మేలో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చుకోవాల్సి వచ్చిందంటే సమస్య ఎంత ముదిరిందో తెలుస్తుంది.

జీవవైవిధ్యంలో లాభం దూరానికి పాకుతుంది, నష్టం మాత్రం పక్కింటికే. సాల వనం పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువు వల్ల కోల్‌కతాకూ మేలే, కోపెన్‌హేగన్‌కూ మేలే. ఏనుగు తొక్కేది మాత్రం అడవి అంచున ఉన్న రెండెకరాలనే. ఈ అసమానతను ధరలోకి తీసుకురాని మార్కెట్ ఎంత పారదర్శకంగా నడిచినా, ఎన్ని ఆడిట్లు జరిగినా న్యాయమైనది కాదు. మార్కెట్‌కు నీతి ఉందా లేదా అన్న చర్చలో మన నిపుణులు ఎక్కువ సమయం కొలతల కచ్చితత్వం మీదే ఖర్చుపెడుతున్నారు. కొలత అవసరమే. కానీ తప్పుడు మనిషికి చేరే డబ్బును గ్రాముతో సహా తూచి ఏం ప్రయోజనం?

అలాగని కొలత సమస్య చిన్నదేమీ కాదు. ఒక టన్ను కార్బన్ ఎక్కడైనా ఒక టన్నే. ఒక హెక్టారు సాల వనం, ఒక హెక్టారు నీలగిరి తోట ఒకటి కావు. 2023 అక్టోబర్‌లో కేంద్రం తెచ్చిన గ్రీన్ క్రెడిట్ నిబంధనలు మొదట్లో ఈ తేడాను దాదాపు పట్టించుకోలేదు. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పద్ధతి ప్రకారం హెక్టారుకు కనీసం 1,100 చెట్ల చొప్పున నాటాలి, చెట్టుకొక క్రెడిట్. క్షీణించిన అటవీ భూమి, పొదల భూమి, బీడు అన్నీ అందులోకే వస్తాయి. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఎర్రరాతి నేలల మీది పొదలు, గడ్డి మైదానాలు కాగితాల్లో బీడే. తోడేలుకు, నక్కకు, నేలమీద గూడు కట్టే పక్షులకు అదే ఇల్లు. అక్కడ 1,100 చెట్లు నాటితే క్రెడిట్లు వస్తాయి, తోడేలు పోతుంది. విమర్శలు వచ్చాక 2025 ఆగస్టులో పద్ధతిని సవరించారు. ఐదేళ్లు గడిచి, 40 శాతం చెట్ల నీడ పరుచుకున్నాకే క్రెడిట్ ఇస్తారు. మొక్క నాటి ఫొటో దిగడానికీ చెట్టు బతకడానికీ తేడాను గుర్తించినందుకు సంతోషించాలి. అయినా కొలబద్ద ఇప్పటికీ చెట్టే. గడ్డికి, తోడేలుకు అందులో చోటు లేదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఈ క్రెడిట్లను పరిహార వనీకరణ బాధ్యత కింద చూపించుకునే వీలుంది. అంటే ఒకచోట అడవి పోగొట్టిన సంస్థ మరోచోటి చెట్లను చూపి లెక్క సరిచేసుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఈ దారిలో మనకంటే చాలా ముందుకు పోయింది. అక్కడి ఆడిటర్ జనరల్ 2022లో ఆ పథకాన్ని తూర్పారబట్టారు. బిల్డర్లు, గనుల కంపెనీలు అడిగే జాతుల క్రెడిట్లలో అత్యధిక భాగానికి అమ్మేవారే లేరని తేల్చారు. అరుదైన జాతికి బదులు దొరకదంటే ఆ ప్రాజెక్టును ఆపాలని అర్థం. అక్కడ మాత్రం ఒక నిధిలో డబ్బు జమచేసి పని కానిచ్చుకునే వెసులుబాటు ఉంది. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి 12 నుంచి ప్రతి పెద్ద నిర్మాణమూ తాను చెడగొట్టిన ప్రకృతి కంటే 10 శాతం ఎక్కువ సృష్టించి, 30 ఏళ్లు కాపాడాలని చట్టం. ఉద్దేశం మంచిదే. అదే ఏడాది అక్కడి జాతీయ ఆడిట్ సంస్థ స్థానిక కౌన్సిళ్లకు తనిఖీ చేసే సిబ్బంది, నైపుణ్యం చాలవని హెచ్చరించింది. ఇంగ్లండ్ కౌన్సిళ్లకే చేతకాని పని మన పంచాయతీ కార్యదర్శి చేస్తాడనుకోవడం అత్యాశ.

స్వచ్ఛందమా, నిర్బంధమా?

ఇక డబ్బు ఎవరివ్వాలి? కంపెనీల సద్బుద్ధి మీద ఆధారపడితే ఏమవుతుందో కాలీ నిధి చూపించింది. జీవుల జన్యు సమాచారాన్ని కంప్యూటర్లలో వాడుకుని మందులు, విత్తనాలు, సౌందర్య సాధనాలు తయారుచేసే కంపెనీలు లాభంలో 1 శాతం గాని, అమ్మకాల్లో 0.1 శాతం గాని ఈ నిధికి ఇవ్వాలని 2024లో కొలంబియాలోని కాలీలో జరిగిన ప్రపంచ జీవవైవిధ్య సదస్సులో తీర్మానించారు. కనీసం సగం మూలవాసులకు, స్థానిక సమాజాలకు చేరాలన్నారు. 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో నిధి ప్రారంభమైంది. దానికి అందిన తొలి విరాళం వెయ్యి డాలర్లు. ఇచ్చింది ఒక చిన్న బ్రిటిష్ కంపెనీ. ప్రపంచ ఔషధ పరిశ్రమ ముందు ఆ అంకెను పెట్టి చూస్తే ఇక వ్యాఖ్యానం అక్కర్లేదు.

కోస్టారికా మరో దారి పట్టింది. 1996 అటవీ చట్టంతో పెట్రోలు, డీజిల్ మీద పన్ను వేసి, ఆ డబ్బులో కొంత అడవిని కాపాడే భూ యజమానులకు ఏటా చెల్లించడం మొదలుపెట్టింది. ఒకప్పుడు దేశంలో నాలుగో వంతుకు పడిపోయిన అడవి ఇప్పుడు సగం దాటింది. ఇదంతా ఆ చెల్లింపుల పుణ్యమే అనలేం. నరికివేతపై నిషేధం, పశు మాంసం ధరలు పడిపోవడం, పర్యాటకం కూడా కారణాలే. అయినా పన్ను నిర్బంధం కాబట్టి నిధి ఎండిపోలేదు. భూమి పట్టా లేని చిన్న రైతులకు ఆ డబ్బు మొదట్లో అందకపోవడం మాత్రం అక్కడి లోపం. ఆ లోపం మనకు బాగా పరిచయమున్నదే.

మన దగ్గర నిర్బంధ వసూలు లేకపోలేదు. అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించినవారి దగ్గర సుప్రీంకోర్టు ఆదేశాలతో వసూలైన డబ్బు ఏళ్ల తరబడి ఢిల్లీలో మూలిగింది. 2016 చట్టం తర్వాత, 2019 ఆగస్టులో 47,436 కోట్ల రూపాయలను రాష్ట్రాలకు పంచారు. తెలంగాణకు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,734 కోట్లు వచ్చాయి. ఏ ఊరి అడవి పోయిందో ఆ ఊరికి ఇందులో వాటా లేదు. సంప్రదించాలని నిబంధనల్లో రాశారు, గ్రామసభ సమ్మతిని మాత్రం తప్పనిసరి చేయలేదు. కాబట్టి డబ్బు లేదన్న వాదనను పూర్తిగా నమ్మలేం. డబ్బు ఉంది. అది వెళ్లే దారి తప్పు.

తెలుగు నేల మీది నాలుగు అనుభవాలను పక్కపక్కన పెడితే ఈ దారి సంగతి ఇంకా తేటపడుతుంది. 2003 అక్టోబర్‌లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం మహిళా సంఘాలు 147 టన్నుల కార్బన్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మాయి. పదేళ్లలో తీయబోయే కానుగ నూనె డీజిల్‌కు బదులవుతుందని లెక్కకట్టారు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సు తాలూకు కాలుష్యానికి అది ప్రాయశ్చిత్తం. ముట్టింది 645 డాలర్లు. మొత్తం చిన్నదే. కానీ అమ్మినవాళ్లు ఊరివాళ్లే, డబ్బు చేరింది వాళ్ల సంఘానికే, అదీ ముందుగానే. అరబారీలో లేనిది ఇక్కడ ఉంది. అరకులో 2010ల మొదటి నుంచి నాంది ఫౌండేషన్, ఫ్రాన్స్ కేంద్రంగా ఉన్న లైవ్లీహుడ్స్ నిధి కలిసి గిరిజన రైతుల కాఫీ తోటల్లో లక్షల చెట్లు నాటించాయి. పెట్టుబడి ముందే వచ్చింది, చెట్ల ఫలసాయం రైతుదే. ఇరవై ఏళ్ల కార్బన్ క్రెడిట్లు మాత్రం నిధిలో పెట్టుబడి పెట్టిన కంపెనీలవి. చెడ్డ బేరమని అనలేను; ప్రభుత్వం ఇవ్వని పెట్టుబడి అది. క్రెడిట్ ధర రేపు పదింతలైతే పెరిగిన దాంట్లో రైతుకు ఎంత అన్న ప్రశ్న మాత్రం ఒప్పందం రోజే తేలాలి.

మూడోది అమరచింత. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ ఊరి నుంచి సేకరించిన రెండు టన్నుల వేపాకును హైదరాబాద్ కంపెనీ జపాన్‌కు ఎగుమతి చేసి, జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు 55,035 రూపాయల రాయల్టీ కట్టింది. ఆ సొమ్ము ఊరి జీవవైవిధ్య కమిటీకి మళ్లింది. దేశంలో ప్రయోజనాల పంపిణీకి తొలి ఉదాహరణల్లో ఇదొకటి. నాలుగోది ఎర్రచందనం. ఆ చెట్టు తూర్పు కనుమల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోని 198 మంది రైతులకు, ఒక విద్యాసంస్థకు కలిపి ప్రయోజనాల వాటాగా 3 కోట్ల రూపాయలు అందాయి. అంతకుముందే రాష్ట్ర అటవీ శాఖకు 48 కోట్లు వెళ్లాయి. సొంత భూమిలో చెట్టు పెంచినవాడికి వాటా దక్కింది, అడవిని కాసే శాఖకు దక్కింది. శేషాచలం అంచున సెంటు భూమి లేని యానాది కుటుంబానికి ఈ లెక్కలో గడి లేదు. స్మగ్లర్ల ముఠాకు కూలీలు దొరికేది, అటవీ శాఖకు వేగులు దొరికేది అలాంటి ఊళ్ల నుంచే. వాళ్లను ఎవరి వైపు నిలబెట్టుకోవాలో ప్రభుత్వమే తేల్చుకోవాలి.

ఈ నాలుగింటిలో డబ్బు పరిమాణం పెరిగినకొద్దీ సామాన్యుడి పాత్ర తగ్గుతూ వచ్చింది. ఇది కాకతాళీయం కాదు. ఎవరికి హక్కు ఉందో వారికే వాటా. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. బెంగాల్ జంగల్ మహల్‌లోనూ, మన ఏజెన్సీలోనూ వ్యక్తిగత పట్టాల మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా సామూహిక హక్కుల మీద పెట్టలేదు. హక్కు పత్రం లేనివాడు క్రెడిట్ మార్కెట్‌లో అమ్మకందారు కాలేడు, కూలీ మాత్రమే అవుతాడు. కెన్యా ఉత్తర ప్రాంతంలోని పచ్చికబయళ్ల కార్బన్ ప్రాజెక్టు పెద్ద పెద్ద కంపెనీలకు క్రెడిట్లు అమ్మింది. 2025 జనవరిలో ఇసియోలో కోర్టు అందులో భాగమైన వన్యప్రాణి సంరక్షణ క్షేత్రాలను జనాన్ని అడగకుండా ఏర్పాటుచేశారని, చెల్లవని తీర్పిచ్చింది. క్రెడిట్లు కొన్నవారికి ఇప్పుడు తలనొప్పి. సమ్మతి అడగకపోవడం అన్యాయమే కాదు, వ్యాపారానికీ నష్టమే.

మన జీవవైవిధ్య చట్టం ఈ విషయంలో ఒక అడుగు ముందుకు, ఒకటిన్నర వెనక్కి వేస్తోంది. 2018 డిసెంబర్‌లో దివ్య ఫార్మసీ కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు దేశీయ కంపెనీలు కూడా స్థానికులకు వాటా ఇవ్వాల్సిందేనని చెప్పింది. 2023 సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానానికి, ఆయుష్ వైద్యులకు మినహాయింపులిచ్చి ఆ తీర్పు పదును తగ్గించింది. జైలు శిక్షలు తీసేసి జరిమానాలు పెట్టింది. 2025 నిబంధనల ప్రకారం 5 కోట్ల లోపు టర్నోవర్‌కు ఏమీ కట్టక్కర్లేదు. 250 కోట్లు దాటినా 0.6 శాతమే. దేశంలో 2.7 లక్షలకు పైగా జీవవైవిధ్య కమిటీలున్నాయి. హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టి, జరిమానా వేస్తామంటే హడావిడిగా రిజిస్టర్లలో పుట్టినవి వాటిలో చాలా. సభ్యులకే తాము సభ్యులమని తెలియని కమిటీకి వాటా పంపితే అది ఎక్కడ తేలుతుందో చెప్పనక్కర్లేదు.

గూడ్స్ బండి మీద రూపాయి

మార్కెట్ వద్దేవద్దు, అంతా ప్రభుత్వమే చూడాలనేవారితో నాకు పేచీ ఉంది. ప్రభుత్వం చేసేది చాలావరకు నష్టపరిహారం. 2023 డిసెంబర్‌లో వన్యప్రాణి దాడిలో మరణిస్తే ఇచ్చే మొత్తాన్ని కేంద్రం 10 లక్షలకు పెంచింది. అవసరమే. కానీ పరిహారం ఎప్పుడూ చావు తర్వాత, పంట పోయాక, ఆఫీసు చుట్టూ తిరిగాక వస్తుంది. ఏనుగు బతికి ఉన్నందుకు ఊరికి ఒక్క రూపాయి రాదు, అది పాడుచేస్తేనే వస్తుంది. 2024 ఆగస్టు 15న ఝార్‌గ్రామ్‌లో కాలుతున్న ఇనుప చువ్వ దిగిన ఒక ఆడ ఏనుగు ఆ తర్వాత చనిపోయింది. ఆ క్రూరత్వాన్ని ఖండించడం సులువు. ఏళ్ల తరబడి రాత్రంతా కాగడాలు పట్టుకుని పొలం కాసే ఊరి మనస్థితిని లెక్కలోకి తీసుకోవడం కష్టం.

స్వీడన్ ఈ చిక్కుముడిని మరోలా విప్పింది. అక్కడి సామీ కాపరుల రెయిన్‌డీర్ మందలను లింక్స్, వుల్వరీన్ లాంటి మాంసాహార జంతువులు తింటాయి. 1996 నుంచి ప్రభుత్వం ఎన్ని రెయిన్‌డీర్లు చచ్చాయని అడగడం మానేసింది. ఒక్కో ఊరి మేత నేలలో ఆ జంతువులు ఎన్ని ఈతలు ఈనాయో లెక్కించి, ఆ లెక్కన డబ్బిస్తోంది. జంతువు బతికితే ఊరికి ఆదాయం. మందను బాగా కాచుకుంటే ఆ డబ్బు మిగులు. దొంగ లెక్కలకు చోటు తక్కువ, అధికారి వచ్చి కళేబరం చూసి సంతకం పెట్టే పని లేదు. నా ప్రతిపాదన దీని మీదే నిలబడింది. మేదినీపూర్, ఝార్‌గ్రామ్, కుప్పం, పార్వతీపురం ప్రాంతాల్లో ఏనుగుల గుంపు ఒక మౌజా (రెవెన్యూ గ్రామం)లో నిలిచిన రాత్రుల లెక్కన ఆ ఊరికి చెల్లించాలి. గుంపు ఎక్కడుందో అటవీ సిబ్బంది ఎలాగూ గమనిస్తూనే ఉంటారు. ఆ నమోదును గ్రామసభ గోడ మీద రాస్తే చాలు. డబ్బు భూ యజమానికే పోకూడదు. బెంగాల్‌లో బర్గాదారుకు, మన దగ్గర కౌలు రైతుకు, అడవిలో ఆకు ఏరుకునే స్త్రీకి వాటాలు ముందే నిర్ణయించాలి.

నిధి ఎక్కడిది? ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం కాబట్టి జవాబు పట్టాల మీదే ఉంది. 2025 జూలైలో ఖరగ్‌పూర్–టాటానగర్ మార్గంలో బాంస్‌తలా దగ్గర రైలు గుద్ది మూడు ఏనుగులు చనిపోయాయి. ఇదే మార్గంలో రాత్రింబవళ్లు ఇనుప ఖనిజం, బొగ్గు, ఉక్కు నడుస్తాయి. ఒక గూడ్స్ బండి సుమారు 4 వేల టన్నులు మోస్తుంది. ఏనుగుల దారుల గుండా పోయే ఖనిజ రవాణా మీద టన్నుకు ఒక్క రూపాయి సెస్సు వేస్తే బండికి 4 వేలు. ఉక్కు ధరలో అది కంటికి కూడా ఆనదు. ప్రయాణికుడి టికెట్ మీద పైసా పడదు. గనుల జిల్లాల్లో ఖనిజ రాయల్టీతో పాటు జిల్లా ఖనిజ నిధికి డబ్బు కట్టించే పద్ధతి 2015 నుంచి ఉంది కాబట్టి చట్టానికి ఇది కొత్త ఆలోచన కాదు. ఒక షరతు మాత్రం సడలకూడదు. సెస్సు కట్టినందుకు ఎవరికీ క్రెడిట్ రాకూడదు, ఆ రసీదు చూపించి మరోచోట చెట్టు కొట్టే అనుమతి అడగకూడదు. స్వచ్ఛందంగా కొనాలనుకునే కంపెనీలు పైన ఎంతైనా ఇవ్వవచ్చు, పేరు వేసుకోవచ్చు. అది విరాళమే, లైసెన్సు కాదు.

దీనికి అభ్యంతరాలున్నాయి. సెస్సు డబ్బు కూడా ఢిల్లీలోనో కోల్‌కతాలోనో ఆగిపోదని భరోసా ఏమిటని అడుగుతారు. జిల్లా ఖనిజ నిధి డబ్బు రోడ్లకు, భవనాలకు పోయిన ఉదాహరణలు చూశాక ఆ అనుమానం సబబే. అందుకే డబ్బు శాఖల గుండా పోకుండా వసూలైన త్రైమాసికంలోనే గ్రామసభ ఖాతాకు చేరాలని చట్టంలోనే రాయాలి. డబ్బు వాసన తగిలితే అడవి మీద ఉన్న సహజ గౌరవం పోతుందన్న మరో వాదన ఉంది. సంతాల్ గ్రామాల పవిత్ర జాహేర్ తోపులను కాపాడింది డబ్బు కాదన్నది నిజమే. కానీ ఊరికి కావలసింది గౌరవమే, డబ్బు కాదు అని చెప్పే హక్కు జీతం తీసుకునే మనకు లేదు.

పశ్చిమ బెంగాల్ అటవీ శాఖ, ఆగ్నేయ రైల్వే కలిసి ఖరగ్‌పూర్–ఝార్‌గ్రామ్ మధ్యన ఐదేళ్లపాటు దీన్ని ప్రయోగించి చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్ పార్వతీపురం మన్యంలో మొదలుపెట్టవచ్చు. ముందు సామూహిక హక్కు పత్రం, తర్వాత గ్రామసభ ఖాతాలో తొలి విడత, ఆ తర్వాతే ఏ క్రెడిటైనా, ఏ ఒప్పందమైనా. ఈ వరుస తప్పిన పథకం ఎంత గొప్ప సంస్థ తెచ్చినా గ్రామసభలు సంతకం పెట్టకూడదు.